పేరు కొట్టేశారు, బెంచీ ఖాళీ కాలేదు

2012లో ఒక రాత్రి అబ్బా గొంతును నా చేత్తో నేనే చెరిపేశాను. చెరిపించింది ఒక చిన్న ఇంగ్లిష్ వాక్యం. ఆ వాక్యం అబద్ధం చెప్పలేదు, నా అఫ్సోస్ అదే. అబద్ధం చెప్పి ఉంటే దాన్నే తిట్టుకుని ఊరుకునేవాణ్ణి.

అప్పట్లో నేనూ ఒక దోస్తూ కలిసి చిన్న తెలుగు వెబ్ పత్రిక నడిపేవాళ్లం. కిరాయికి తీసుకున్న సర్వర్, అందులో 20 జీబీ డిస్కు. ఆ డిస్కులోనే ఒక మూల పన్నెండు ఆడియో ఫైళ్లు దాచాను. జహీరాబాద్, బీదర్ వైపు పెద్దల్ని కూర్చోబెట్టి, 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ నాడు వాళ్ల ఊళ్లో ఏం జరిగిందో చెప్పించి రికార్డు చేసినవి. వాటిలో ఒకటి మా అబ్బాది. ఆ సెప్టెంబర్‌కు ఆయనకు ఎనిమిదేళ్లు. నేను రికార్డు చేసిన మరుసటి ఏడే అబ్బా వెళ్లిపోయారు.

ఆ రాత్రి పత్రిక ఆగిపోయింది. సర్వర్‌లోకి వెళ్లి చూస్తే ఏం చేయబోయినా ఒకటే జవాబు: 'నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్'. డిస్కులో జాగా లేదు. వెతికితే ముజ్రిమ్ వెంటనే దొరికాడు. పత్రికను నడిపే ప్రోగ్రాము తన ఫిర్యాదులన్నీ రాసుకునే లాగ్ ఫైలు 11 జీబీకి పెరిగి కూర్చుంది. ఆర్ఎమ్ అనే కమాండు ఇచ్చి దాన్ని చెరిపేశాను. కిక్కురుమనలేదు. యూనిక్స్ తరహా సిస్టమ్‌లకు పని అయిందంటే మౌనమే జవాబు. తర్వాత ఎంత జాగా మిగిలిందని డీఎఫ్ కమాండుతో అడిగాను. నూటికి నూరు శాతం నిండి ఉందంది. మళ్లీ అడిగాను. మళ్లీ నూరే.

ఇక్కడ నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, ఆ 11 జీబీ చాలలేదు కాబోలు అనుకున్నాను. ఆడియో ఫైళ్లు మొత్తం 2 జీబీ. ఇంట్లో పాత హార్డ్ డిస్కులో కాపీ ఉందన్న యఖీన్‌తో వాటినీ చెరిపేశాను. నూరు కాస్తా తొంభై అయింది. అల్‌హమ్దులిల్లాహ్ అనుకుని పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే మళ్లీ నూరు.

దోస్తు వచ్చి రెండు నిమిషాలు చూశాడు. ఆ ప్రోగ్రామును ఆపి మళ్లీ మొదలుపెట్టాడు, అంతే. నూరు నుంచి ముప్పై అయిదుకు పడిపోయింది. ఒక్క ఫైలు కూడా చెరపలేదు వాడు.

ఈ ముప్పై అయిదు ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం కావాలంటే మా బడి హాజిరీ రజిస్టర్ దగ్గరికి వెళ్లాలి. నేను చదివింది ఉర్దూ మీడియంలో. ఫీజు కట్టనివాడి పేరు రజిస్టర్‌లోంచి ఖారిజ్ చేసేవారు. పేరు మీద ఎర్ర గీత పడేది. కానీ ఉస్తాద్ లేపి బయటికి పంపేదాకా ఆ పిల్లాడు బెంచీ మీదే ఉండేవాడు. దఫ్తర్‌లో రజిస్టర్ లెక్కపెట్టేవారికి క్లాసులో జాగా ఉంది. లోపలికొచ్చి బెంచీలు లెక్కపెట్టేవారికి జాగా లేదు. ఇద్దరి లెక్కా సహీనే.

యూనిక్స్‌లో ఫైలు చెరపడమంటే అచ్చం ఈ ఎర్ర గీతే. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ ఈ సిస్టమ్‌ను పీడీపీ-7 అనే చిన్న కంప్యూటర్ మీద మొదలుపెట్టినప్పుడే ఒక ఫైసలా చేసుకున్నారు. ఫైలు వేరు, ఫైలు పేరు వేరు. ఫైలు అసలు ఒళ్లు ఎక్కడుందో, ఎంత పొడుగో, ఎవరిదో రాసి పెట్టుకునే చీటీని ఐనోడ్ అన్నారు. దానికి ఒక నంబరు. మనం ఫోల్డర్ అని పిలిచేది నిజానికి సంచీ కాదు, రజిస్టర్. 1979 నాటి సెవెంత్ ఎడిషన్ యూనిక్స్‌లో ఆ రజిస్టర్‌లో ఒక్కో వరుస 16 బైట్లు: నంబరుకు 2, పేరుకు 14. అంతకు మించి అందులో ఏమీ లేదు.

అందుకే ఆ సిస్టమ్‌లో ఫైలును చెరిపే పిలుపు పేరు 'డిలీట్' కాదు, 'అన్‌లింక్'. పేరుకూ ఫైలుకూ ఉన్న ముడి విప్పు అని. ఒకే ఫైలుకు నాలుగు పేర్లు ఉండవచ్చు. ఒకటి విప్పితే మూడు మిగులుతాయి. చివరి పేరు కూడా పోయి, దాన్ని తెరిచి పట్టుకున్న ప్రోగ్రాము కూడా వదిలేసినప్పుడే డిస్కులో జాగా ఖాళీ అవుతుంది. నా 11 జీబీ లాగ్ పేరు పోయింది, ప్రోగ్రాము మాత్రం దాన్ని వదల్లేదు. పేరు లేకుండానే రాత్రంతా అందులో రాస్తూనే ఉంది. అబ్బా గొంతు ఖాళీ చేసిన జాగాలో కూర్చుని మరో రెండు జీబీలు రాసుకుంది. ఫైళ్ల పేర్లు పట్టుకుని లెక్కకట్టే డీయూ కమాండుకు అది కనపడదు. డిస్కును లెక్కకట్టే డీఎఫ్‌కు కనపడుతుంది. ఆ రెండూ ఒకేసారి అడిగి ఉంటే తేడా కళ్లకు కట్టేది. నేను ఒకదాన్నే అడిగాను.

జర్నలిస్టుగా నేను కొత్తవాళ్లకు చెప్పేది ఒకటుంది: ఒకరి గవాహీ మీద ఖబర్ రాయొద్దు. ఆ రాత్రి నా మాట నాకే గుర్తు రాలేదు.

ఆ తర్వాత ఈ వాక్యాల తారీఖ్ ఏమిటో తెలుసుకోవాలనిపించింది. డిస్కు నిండింది, ఇజాజత్ లేదు, ఫైలు లేదు. ఈ మాటలు ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎవరి కోసం?

మొదట తెలిసింది ఏమిటంటే, సిస్టమ్ మనతో వాక్యాల్లో మాట్లాడదు. లోపల ఉండే కెర్నెల్ ఒక నంబరు ఇస్తుంది. 2 అంటే అలాంటి ఫైలు లేదు. 13 అంటే ఇజాజత్ లేదు. 28 అంటే జాగా లేదు. ఆ నంబరును వాక్యంగా మార్చేది బయట ఉన్న ఒక చిన్న లుగత్. సెవెంత్ ఎడిషన్ నాటికి ఆ లుగత్‌లో మూడు డజన్ల లఫ్జ్‌లు కూడా లేవు. తర్వాత నలభై ఏళ్లలో డిస్కులు మారాయి, నెట్‌వర్కులు వచ్చాయి, కొత్త కొత్త ముసీబత్‌లు వచ్చాయి. లుగత్ కూడా పెరిగింది, కానీ ముసీబత్‌లన్నిటికీ సరిపోయేంత కాదు. చాలా కొత్త రోగాలకు పాత హకీమ్ దగ్గరున్న పేర్లే పెట్టాల్సి వచ్చింది. ఒకే 28 నంబరు డిస్కు నిండితే వస్తుంది, డిస్కులో బోలెడు జాగా ఉండి ఐనోడ్ చీటీలు అయిపోయినా వస్తుంది. లక్షల కొద్దీ చిన్న ఫైళ్లు పోగుపడిన సర్వర్లలో ఇది మామూలే. అక్కడ ఒక పెద్ద వీడియో చెరిపితే ఒక్క చీటీయే మిగులుతుంది, చిన్నవి చెరిపితేనే ఫాయిదా.

నంబరు 1 కథ ఇంకా బాగుంటుంది. సెవెంత్ ఎడిషన్‌లో దాని వాక్యం 'నాట్ ఓనర్'. నువ్వు మాలిక్‌వి కావు అని. కానీ మాలిక్‌కు కూడా అదే జవాబు వచ్చే సందర్భాలు పెరిగాయి. తర్వాత దాన్ని 'ఆపరేషన్ నాట్ పర్మిటెడ్' అని మార్చారు. ఇవాళ లైనక్స్‌లో ఒక ఫైలుకు 'మార్చరాదు' అనే ముద్ర వేస్తే, సిస్టమ్‌కే బాద్‌షా అయిన రూట్ కూడా దాన్ని చెరపలేడు, వాడికీ ఇదే వాక్యం. ముద్ర సంగతి అందులో ఉండదు. మామూలుగా ఫైలు హక్కులు చూపించే జాబితాలోనూ ఆ ముద్ర కనపడదు. వేరే కమాండుతో అడగాలి.

ఇజాజత్ విషయంలో చాలామందిది ఒకే గలత్‌ఫహమీ. నా ఫైలు కాబట్టి నేను చెరపగలను, వాడి ఫైలు కాబట్టి చెరపలేను అనుకుంటారు. రజిస్టర్‌లో గీత కొట్టడానికి కావలసింది పిల్లాడి ఇజాజత్ కాదు, రజిస్టర్ ఇజాజత్. కాబట్టి నా ఫోల్డర్‌లో పడి ఉన్న పరాయివాడి ఫైలును, నేను చదవడానికి కూడా హక్కు లేనిదాన్ని, ఇట్టే చెరపగలను. పరాయి ఫోల్డర్‌లో ఉన్న నా సొంత ఫైలును చెరపబోతే 'పర్మిషన్ డినైడ్'. జనం ఫైలు హక్కులు మారుస్తూ గంటలు గడుపుతారు, హక్కు మార్చాల్సింది పైనున్న ఫోల్డర్‌కు. ఆర్ఎమ్ కమాండు కూడా ఈ భ్రమను పెంచుతుంది. రాయడానికి వీల్లేని ఫైలు కనపడితే 'నిజంగా చెరపాలా?' అని అడుగుతుంది. ఆ సవాలు కెర్నెల్‌ది కాదు, ఆర్ఎమ్ తన తరఫున చూపించే తమీజ్. అందరూ వాడుకునే 'టెంప్' లాంటి ఫోల్డర్లలో ఒకరి ఫైళ్లు ఒకరు చెరిపేసుకుంటుంటే, 1986లో 4.3 బీఎస్‌డీ వాళ్లు స్టిక్కీ బిట్ అనే పాత గుర్తుకు కొత్త మతలబు ఇచ్చి అడ్డుకున్నారు. అంతకుముందు ఆ గుర్తు పని పూర్తిగా వేరు. అక్కడా పాత లఫ్జే, కొత్త మానీ.

ఇక 25. దీని పాత వాక్యం 'నాట్ ఏ టైప్‌రైటర్'. ఇది టైప్‌రైటర్ కాదు! 1970లలో మనిషి కంప్యూటర్‌తో మాట్లాడింది టెలిటైప్ యంత్రం మీద, కాబట్టి ఆ రోజు అది సబబైన మాటే. తర్వాత ఇది ఎక్కడెక్కడో ప్రత్యక్షమయ్యేది. మెయిల్ పోకపోతే వచ్చేది, ఫైలు తెరుచుకోకపోతే వచ్చేది. కారణం చూడండి. తప్పు నంబరు రాసే పలక ఒకటే ఉంటుంది. చెరిపే పని విఫలమై పలక మీద 13 పడింది అనుకుందాం. ఆ సంగతి లాగ్‌లో రాద్దామని ప్రోగ్రాము వెళుతుంది. రాసే కోడ్ ముందు 'ఎదుట ఉన్నది టెర్మినలా?' అని చూసుకుంటుంది. కాదు అని తెలియగానే పలక మీద 25 పడుతుంది. ఇప్పుడు ప్రోగ్రాము పలక చూసి మనకు చదివి వినిపిస్తుంది: ఇది టైప్‌రైటర్ కాదు. ఒకడి గుణా ఇంకొకడి ఖాతాలో పడింది. కింద కూర్చున్న గుమాస్తాకు ఏమీ తెలియదు, పలక మీద ఉన్నది చదివాడు.

1980ల మధ్యలో సన్ మైక్రోసిస్టమ్స్ వాళ్లు ఎన్ఎఫ్ఎస్ తెచ్చారు. ఒకరి డిస్కును నెట్‌వర్క్ మీద ఇంకొకరు వాడుకునే వీలు. దీంతో ఎర్ర గీత పద్ధతికి చిక్కొచ్చింది. అప్పటి సర్వర్‌కు ఏ యంత్రం ఏ ఫైలును తెరిచి పట్టుకుందో గుర్తుండేది కాదు. పేరు కొట్టేస్తే ఫైలే పోతుంది, దాన్ని చదువుతున్నవాడు గాలిలో మిగులుతాడు. అందుకని వాడుకరి వైపు యంత్రం ఒక జుగాడ్ చేసింది. తెరిచి ఉన్న ఫైలును చెరపమంటే చెరపదు, చుక్కతో మొదలయ్యే ఒక దొంగ పేరు పెట్టి దాస్తుంది. దీన్ని వాళ్లే 'సిల్లీ రీనేమ్' అన్నారు. చుక్క పేర్లు మామూలు జాబితాలో కనపడవు. అప్పుడు ఫోల్డర్‌ను తీసేయబోతే 'డైరెక్టరీ నాట్ ఎంప్టీ' అంటుంది. తెరిచి చూస్తే ఖాళీ! కొన్ని యూనిక్స్‌లలోనైతే ఖాళీ కాని ఫోల్డర్‌ను తీసేయబోతే వచ్చే నంబరే వేరు, దాని వాక్యం 'ఫైల్ ఎగ్జిస్ట్స్'. పోసిక్స్ ప్రమాణం రెండిటినీ ఒప్పుకుంటుంది. పాతవాళ్లనూ కొత్తవాళ్లనూ ఇద్దర్నీ నొప్పించకుండా చేసిన పంచాయితీ అది.

మన ఇళ్లలోకి వచ్చిన కంప్యూటర్లు ఈ ఖాన్‌దాన్‌వి కావు. అవి డాస్, విండోస్. డాస్‌లో ఫైలు చెరిపితే జాబితాలో ఆ పేరు మొదటి బైట్ మీద 229 అనే విలువ రాస్తారు, ఆ ఫైలు ఏ ముక్కల్లో ఉందో చెప్పే పట్టీని ఖాళీ అని గుర్తిస్తారు. ఒళ్లు అలాగే పడి ఉంటుంది. ఈ భరోసాతోనే 1982లో నార్టన్ యుటిలిటీస్ చెరిపిన ఫైళ్లను తిరిగి తెచ్చే పనిముట్టుతో వచ్చింది. జపాన్ లిపిలో కొన్ని అక్షరాలు సరిగ్గా ఆ 229తోనే మొదలవుతాయి. అంటే ఆ అక్షరంతో పేరు పెడితే ఫైలు పుట్టగానే చచ్చినట్టు కనపడుతుంది. దానికి బదులు 5 రాయాలని తర్వాత ఒప్పందం చేసుకున్నారు. ఇంగ్లిష్ తప్ప వేరే జబాన్ ఉంటుందని మొదట ఎవరికీ తోచలేదు మరి.

ఫోల్డర్‌ను తీసేయలేకపోతే డాస్ చెప్పేది: 'ఇన్‌వ్యాలిడ్ పాత్, నాట్ డైరెక్టరీ, ఆర్ డైరెక్టరీ నాట్ ఎంప్టీ'. దారి తప్పు కావచ్చు, అది ఫోల్డరే కాకపోవచ్చు, లేదా ఖాళీగా లేకపోవచ్చు. మూడిట్లో ఏదో నువ్వే తేల్చుకో. నాకు ఇది నచ్చుతుంది. కనీసం తనకు తెలియదని ఒప్పుకుంది.

విండోస్ కాలానికి వాక్యాలు పొడుగయ్యాయి, తమీజ్ పెరిగింది, గందరగోళమూ పెరిగింది. ఫైలు చెరపబోతే వచ్చే ఒక సందేశం చాలామంది చూసే ఉంటారు: డిస్కులో జాగా చాలదు, ఒకటో రెండో ఫైళ్లు చెరిపి మళ్లీ ప్రయత్నించండి. చెరపడానికే కదా వచ్చింది! ఇంకొకటి: ఇజాజత్ లేదు, డిస్కు నిండలేదనీ, ఫైలు ఇప్పుడు ఎవరూ వాడటం లేదనీ చూసుకోండి. చెరపడానికి డిస్కు నిండితే ఏం, నిండకపోతే ఏం? ఒక్క సంగతి తెలిస్తే కొంత చిక్కు విడుతుంది. అక్కడ కాపీ, తరలింపు, పేరు మార్పు, చెరపడం నాలుగూ ఒకే ఫంక్షన్ చేతిలో ఉండేవి. కాపీకి వచ్చినవాడికి చెప్పాల్సిన మాటనే చెరపడానికి వచ్చినవాడికీ చదివి వినిపించేవాడు ఆ ఒక్క గుమాస్తా.

వాటన్నిటిలోకీ విడ్డూరం వేరే ఉంది. విండోస్‌లో ఒక ఫైలును చెరిపేయమని హుకుం అయిపోయి, దాన్ని పట్టుకున్న ఇంకో ప్రోగ్రాము వదిలేదాకా ఆగి ఉండే దశ ఒకటుంది. లోపల దానికి వేరే నంబరే ఉంది, 'చెరపడం పెండింగ్' అని. మామూలు ప్రోగ్రాములకు చేరేసరికి అది 5గా మారుతుంది: 'యాక్సెస్ ఈజ్ డినైడ్'. అసలు మాట 'ఇప్పటికే చెరిపేశాం, కాసేపు ఆగు'. మనకు వినిపించేది 'నీకు హక్కు లేదు'. మనిషి హక్కుల కోసం కొట్లాడతాడు, ఆగితే చాలు అన్నది తెలియక.

జాగా లేక చెరపలేకపోతున్నాం అనే ఆ నవ్వులాట వాక్యం తర్వాత నిజమై కూర్చుంది. 2005లో సన్ వాళ్లు జడ్‌ఎఫ్‌ఎస్ బయటపెట్టారు. అందులో రాసిన చోట మళ్లీ రాయరు. ఏ మార్పు అయినా కొత్త కాగితం మీద రాసి, తర్వాత పాతదాన్ని వదిలేస్తారు. మధ్యలో కరెంటు పోయినా రజిస్టర్ పాడవకూడదని. కాబట్టి పేరు కొట్టేయడానికి కూడా ముందు ఒక కొత్త కాగితం కావాలి. డిస్కు అంచుదాకా నిండితే ఆ ఒక్క కాగితమూ ఉండదు. లైనక్స్‌లోని బీటీఆర్ఎఫ్ఎస్‌దీ ఇదే తరహా. ఇద్దరూ ఈ ఆపద కోసమే కొంత జాగా పక్కన దాస్తారు, ఇంటి ఖర్చులోంచి అమ్మీ డబ్బాలో దాచినట్టు. పైగా వీటిలో స్నాప్‌షాట్ అనే నిన్నటి నకలు తీసి పెట్టుకుంటే, ఇవాళ ఫైలు చెరిపినా నకలు దాన్ని పట్టుకునే ఉంటుంది. జాగా మిగలదు.

ఇంట్లో హార్డ్ డిస్కు సంగతి చెప్పకుండా వచ్చాను. ఆ పొద్దున్నే దాన్ని తగిలించి వెతికాను. ఆడియో ఫోల్డర్‌లో పన్నెండు ఉండాల్సింది, ఏదీ లేదు. నేను కాపీ చేశాననుకున్నది చేయనే లేదు. అబ్బా ఫైలుకు నేను ఉర్దూలో పేరు పెట్టాను, 'అబ్బా కీ ఆవాజ్' అని. ఆ పేరు టైపు చేసి డిస్కు మొత్తంలో అడిగాను. జవాబు 2వ నంబరుదే: అలాంటి ఫైలు లేదు. అమ్మీకి ఆ మాట చెప్పడానికి నాకు రెండు నెలలు పట్టింది.

చెప్పాక అమ్మీ ఊరుకోలేదు, ఆపాకు ఫోన్ చేసింది. ఆపా కొడుకు జెద్దాలో ఉంటాడు. వాడు చెప్పాడు, "మామూ, నేను సెలవుకు వచ్చినప్పుడు అది మీ సర్వర్ నుంచి దింపుకుని విన్నాను కదా. మీ డిస్కులోనే ఎక్కడో పెట్టినట్టున్నాను". లేదురా, వెతికాను, లేదంది అన్నాను. ఈసారి పేరు టైపు చేయకుండా ఫోల్డర్లు ఒక్కొక్కటే తెరిచి కళ్లతో చూశాను. వాడి ఫొటోల ఫోల్డర్‌లో ఉంది. 'అబ్బా కీ ఆవాజ్'. అదే పేరు. టైపు చేసి పిలిస్తే లేదంటోంది, కళ్లెదుట కనపడుతోంది.

'కీ' చివర ఉన్న 'యే' కింద రెండు నుక్తాలు ఉన్నాయి. మన ఉర్దూలో మాట చివర వచ్చే 'యే' కింద నుక్తాలు పెట్టం. వాడి ల్యాప్‌టాప్‌లో ఉన్నది అరబీ కీబోర్డు. ఫైలు దింపుకున్నాక పేరును వాడే మళ్లీ కొట్టాడు. అరబీ 'యే'కూ ఉర్దూ 'యే'కూ యూనికోడ్‌లో వేర్వేరు నంబర్లు, అరబీ 'కాఫ్'కూ ఉర్దూ 'కాఫ్'కూ అంతే. మనకు ఒకే మాట, యంత్రానికి రెండు. నేను అడిగిన పేరుతో ఫైలు లేదు, అది చెప్పింది నిజమే.

మిగతా పదకొండు పోయాయి. ఆ పదకొండు మందిలో ఇవాళ ఎవరూ లేరు. వాళ్లు చెప్పినదాంట్లో నా నోటు పుస్తకంలో ఉన్నవి పేర్లు, ఊళ్లు, కొన్ని తారీఖులు మాత్రమే.

అబ్బా ఫైలుకు ఇప్పుడు మూడు చోట్ల కాపీలున్నాయి. మధ్యలో ఒక చోట ఆయన ఆగిపోతారు, వంటింట్లో అమ్మీ గిన్నె పెట్టిన చప్పుడు వినపడుతుంది, "కహాఁ థా మైఁ?" అని నన్ను అడిగి మళ్లీ అందుకుంటారు. పేరు నేను మార్చలేదు. ఆ రెండు నుక్తాలు అలాగే ఉన్నాయి. అందుకని నా కీబోర్డుతో పిలిస్తే అది పలకదు, ప్రతిసారీ జాబితాలో వెతుక్కుని తెరుస్తాను.